ఖాళీ బండి తూకం

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
కింద జిరాక్స్ షాపు, పైన మెహరున్నీసా గారి గది.
ఈ ఊళ్లో మనిషి దొరకాలంటే రెండంకెలు చాలు,
లైనొకటి, అడ్డరోడ్డొకటి.
నా లోపల ఎవరెక్కడుంటారో
నలభై ఒక్కేళ్లుగా ఒక్క అంకె కూడా తెలీదు నాకు.

మొదటి రోజు ఏడవలేదు.
మిర్చి యార్డులో ఇరవై ఏళ్లు కాటా రాసినదాన్ని.
కొత్తవాళ్లు దగ్గుతుంటే నవ్వుకునేవాళ్లం.
ఘాటు అలవాటైన కళ్లు
దేనికి తడవాలో మరచిపోతాయి.

"నిద్ర పట్టదు మేడం, ఏదన్నా బిళ్ల రాయండి."
"బిళ్లలు నేను రాయను సలోమి గారూ.
నిద్ర పట్టదా, ఎవరన్నా పట్టనివ్వట్లేదా?"
అదేం ప్రశ్న!
శంకర్ విలాస్ సెంటర్ దాటాక గానీ
చెవిలోంచి లోపలికి దిగలేదు.

మూడో వారం కళ్లు మూసుకోమన్నారు.
ముందుగా ఎదురైంది కాటా మనిషే.
ప్రతి మాటనీ తూచి తరుగు తీసేది.
మా ఆయన ప్రేమగా ఒకటంటే
కిలోకి వంద గ్రాములు కోసేది.
నేనంటే ఆమే అనుకున్నాను ఇన్నాళ్లూ.
"కాస్త పక్కకి జరుగుతుందేమో అడగండి."
అడిగాను. జరగలేదు.
"ఎందుకో అడగండి."
"నేను జరిగితే అది కనబడుద్ది" అంది.

అది.

దాన్ని చూడటానికి ఇంకో రెండు నెలలు పట్టింది.
మధ్యలో మానేశాను కూడా,
సీజను, బళ్లు బారులు తీరాయని చెప్పి.
ఆగస్టులో సీజనేంటని ఆవిడ అడగలేదు.

టిక్కీల గుట్ట మీద తొమ్మిదేళ్ల పిల్ల.
అవతల షెడ్డులో అమ్మ తొడిమలు తీస్తోంది.
"తమ్ముణ్ని చూస్తుండవే సాలీ" అనేసి వెళ్లింది.
మధ్యాహ్నం. గోనె వెచ్చగా ఉంది.
కన్ను మూతబడింది, అంతే,
లారీ వెనక్కి వస్తున్న చప్పుడు.

తమ్ముడు బతికే ఉన్నాడు.
లాడ్జి సెంటర్లో ఆటో తోలతాడు,
ఎడం కాలు కొంచెం ఈడుస్తాడు,
వాడికసలేమీ గుర్తు లేదు.
ఆ పిల్లే మళ్లీ కన్ను మూయలేదు.
ముప్పై రెండేళ్లుగా
నా రెప్పల వెనక కాపలా.

"మీ వయసెంత అనుకుంటోందో అడగండి ఆ పాపని."
నవ్వొచ్చింది. అడిగాను.
"తొమ్మిది" అంది.
ఇద్దరం ఒకే ఈడనుకుంటోంది!
పెద్దవాళ్లెవరూ ఇటు రాలేదని,
రాబోరని,
ఒక్కతే మేలుకుని ఉంది.

చెప్పాను. నాకు నలభై ఒకటే,
నా కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడే,
జుట్టుకి రంగు వేస్తానే నేను.
నమ్మలేదు.
"బండి నడపటం వచ్చా?"
వచ్చు.
"ఏదీ, చూపించు."

కళ్లు తెరిచాక ఏడ్చాను.
కారం పడిందని అనబోయి, అనలేదు.

సరుకు తూకం తేలాలంటే
ముందు ఖాళీ బండిని కాటా ఎక్కించాలి.
రోజుకి వంద లారీలకి చేసే పని,
నాకు నేను ఒక్కసారీ చేసుకోలేదు.

ఆ రాత్రీ నిద్ర పట్టలేదు, అబద్ధమెందుకు.
పదకొండింటికి స్కూటీ తీశాను.
ముందు నిలబెట్టుకున్నాను దాన్ని, హ్యాండిల్ పట్టుకోమన్నాను.
మూడు వంతెనల కింద నుంచి లాలాపేట దాకా తిప్పాను.
గుంతల దగ్గర నెమ్మదిగా పోనిచ్చాను,
చూస్తుంటుంది కదా.
ఇంటికొచ్చేసరికి మా ఆయన గేటు దగ్గర,
ఎక్కడికెళ్లావని అడగకుండా తాళం అందుకున్నాడు.
తరుగు తీయలేదు నేను.

మొన్న మధ్యాహ్నం కాటా గదిలో,
కుర్చీలోనే, ఇరవై నిమిషాలు.
అంకారావు కిటికీ తట్టి "అమ్మా, కాటా" అన్నాడు.
దిగ్గున లేచి ముందు
లారీ వెనక్కి పరిగెత్తి చూశాను.
రాలిన తొడిమలు. ఓ పిల్లి.
ఇంకెవరూ లేరు.
ఖాళీ బండే.
తూకం రాసుకున్నాను.